అతని ఫోనులో ఆమె ఆఫీసు

"ఏమండీ, ఒక్కసారి నొక్కరూ" అంది ఆమె, బాత్రూం తలుపు దగ్గర నిలబడి.

లోపల నీళ్ళ చప్పుడు ఆగింది. భర్త గొంతు సవరించుకున్నాడు. తొమ్మిదీ అయిదయింది. ముందుగదిలో బల్ల మీద తెరిచి పెట్టిన ల్యాప్‌టాప్‌లో చిన్న చక్రం ఒకటి తిరుగుతోంది. దాని కింద "మీ ఫోను నుంచి అనుమతి రావాలి" అని రాసి ఉంది. ఆ చక్రం ఒక్క నిమిషం తిరుగుతుంది. ఈలోగా ఫోనులో 'అవును' నొక్కకపోతే మళ్ళీ మొదటి నుంచి పాస్‌వర్డ్ కొట్టుకుంటూ రావాలి.

తలుపు బెత్తెడు తెరుచుకుంది. అందులోంచి తడి చెయ్యి, చేతిలో ఫోను, వాటి వెనకే లోపలి వాసన.

"ఇదిగో, నువ్వే నొక్కుకో. ఇక్కడ కూడా వదలవు కదా మనిషిని!"

తెర మీద సబ్బు నురగ. నురగ కింద ప్రశ్న: "మీ ఆఫీసు నెట్‌వర్క్‌లోకి ఎవరో రావాలనుకుంటున్నారు. ఇది మీరేనా?" ఆమె బొటనవేలితో 'అవును' నొక్కింది. వేలికంటిన నురగ తుడుచుకోవడానికి ఏమీ కనపడక గోడకి రాసింది. ఫోనుని వేళ్ళ కొసలతో పట్టుకుని తిరిగి ఆ చేతిలో పెట్టింది. రోజూ ఇంతే. ఎదుటి మనిషి మీద అసహ్యమో, అతను కాలకృత్యాలు ముగించుకునే తలుపు దగ్గర తన ఉద్యోగం కోసం కాపలా కాసే తన మీద అసహ్యమో విడదీసి చూసుకునేంత తీరిక పొద్దున్నపూట ఎక్కడుంటుంది?

ఆమెది భవనాల నమూనాలు గీసే ఆఫీసు. కాగితాల్లో ఆమె ఉద్యోగం పేరు డ్రాఫ్ట్స్‌మన్. తొమ్మిదేళ్ళుగా మెట్లు గీస్తోంది. ఆసుపత్రుల మెట్లు, హోటళ్ళ మెట్లు, అగ్నిప్రమాదం జరిగితే జనం పారిపోవడానికి గోడ పక్కన కట్టే ఇనప మెట్లు. ఆ బొమ్మలు మామూలు ల్యాప్‌టాప్ మొయ్యలేదు. వాటికోసం పెట్టిన పెద్ద కంప్యూటర్ ఆఫీసులో ఆమె బల్ల కింద ఉంటుంది. ఇంటి నుంచి పని చేసేటప్పుడు ఈ ల్యాప్‌టాప్ ఒక కిటికీ లాంటిది, అంతే. చెయ్యి ఇక్కడ కదులుతుంది, గీత అక్కడ పడుతుంది. మధ్యలో ఆఫీసు వాళ్ళ సొంత నెట్‌వర్క్. బయటివాళ్ళు చొరబడకుండా దానికో తాళం. ఆ తాళంచెవి భర్త ఫోనులో ఉంది.

అతను లాక్కుంటే పోయింది కాదు. ఆమే ఇచ్చింది. మూడేళ్ళ క్రితం ఇంటి నుంచి పని మొదలుపెట్టినప్పుడు కంప్యూటర్ విభాగం వాళ్ళు ఒక ఫారం పంపారు. అందులో ఫోను నంబరు గడి దగ్గరికి రాగానే ఆమె చెయ్యి తనంతట తనే భర్త నంబరు రాసేసింది. పక్కన నిలబడి రాయించినవాళ్ళు ఎవరూ లేరు. గ్యాసు వాళ్ళకి ఆ నంబరే, బ్యాంకుకి ఆ నంబరే, చివరికి తన పన్ను పీకించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరు దగ్గర రాసింది కూడా ఆ నంబరే. పన్ను తనది, నొప్పి తనది, "రేపు పదింటికి రండి" అన్న కబురు మాత్రం అతనికి. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆ చెయ్యి ఎంత బాగా శిక్షణ పొందిందో తలుచుకుంటే ఆమెకి దాన్ని సబ్బుతో కడుక్కోవాలనిపిస్తుంది.

పోనీ రోజుకి ఒకసారితో అయిపోతే ఏదో ఒకలా సరిపెట్టుకునేది. పావుగంట సేపు చెయ్యి కదలకపోతే ఆ కిటికీ దానంతట అదే మూసుకుపోతుంది. ఇంట్లో ఆడమనిషిని పావుగంటపాటు కదలకుండా కూర్చోనిచ్చేదెవరు?

"అమ్మాయ్, నా కళ్ళజోడు ఎక్కడ పెట్టావు?" అత్తగారు.

"మీ తల మీదే ఉంది అత్తయ్యా."

"అది కాదు, చదువుకునేది. లేచి చూడు ఒక్కసారి. కూర్చుని చేసే పనేగా, పరిగెత్తిపోతుందా?"

కళ్ళజోడు దొరికాక మంచినీళ్ళు, మంచినీళ్ళయ్యాక తలుపు దగ్గర పాలవాడు, వెళుతూ వెళుతూ బట్టల మెషీను ఆగిపోయింది కదా అని తీసి ఆరేసి వచ్చేసరికి ఆఫీసు మూసుకుపోయి ఉంటుంది. మళ్ళీ భర్త గది దగ్గరికి ప్రయాణం. అతనిదీ ఇంటి నుంచే పని. కాకపోతే అతనికి తలుపున్న గది, చేతులున్న కుర్చీ. ఆమెకి అందరూ అన్నం తినే బల్ల. ఆమె తలుపు కొడితే అతను చెవుల్లో వైర్లు తియ్యకుండా అరచెయ్యి ఎత్తి చూపిస్తాడు. ఆగమని. ఆగుతుంది. ఒక్కోసారి బేరం కూడా పెడతాడు: "కాఫీ తెస్తే నొక్కుతా." మొదట్లో అది సరసం. ఆమె కూడా నవ్వేది. స్నేహితులు ఇంటికొస్తే "మా ఆవిడ ఆఫీసుకి సెక్యూరిటీ గార్డుని నేనే. జీతం లేదు, యూనిఫాం లేదు" అనేవాడు. అప్పుడూ నవ్వింది. ఆ నవ్వులన్నీ ఇప్పుడు నోట్లో పాచిలా తగులుతున్నాయి.

నంబరు మార్పించుకుందామని అనుకోకపోలేదు. కంప్యూటర్ విభాగం వాళ్ళు స్వయంగా ఆఫీసుకి రావాలన్నారు. ఆ మాట ఇంట్లో చెబితే భర్త అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు.

"ఇప్పుడేమొచ్చింది? బాగానే నడుస్తోందిగా."

"మీకూ విసుగే కదా, ఎన్నిసార్లని..."

"నాకేం విసుగు లేదు. నా దగ్గరుంటే నీకేం నష్టం? నమ్మకం లేదా?"

"మొగుడి దగ్గర దాపరికాలేమిటో, ఈ కాలం వాళ్ళకి" అన్నారు అత్తగారు, ఎటో చూస్తూ.

ఆమె మజ్జిగ వడ్డించింది.

అలాంటి రోజుల్లో చీఫ్ ఫోను చేశాడు. ఆఫీసులో అందరూ ఆయన్ని చీఫ్ అనే పిలుస్తారు. ప్రతి నమూనా కాగితానికి కింద కుడి మూల చిన్న గళ్ళు ఉంటాయి. ఒకదాంట్లో 'గీసినవారు', ఇంకోదాంట్లో 'సరిచూసినవారు'. తొమ్మిదేళ్ళుగా ఆమె పేరు మొదటి గడి దాటలేదు. ఆమె గీసినవాటిని సరిచూడటానికి వచ్చిన ముగ్గురు మగవాళ్ళకి మెట్టు ఎత్తెంత ఉండాలో నేర్పింది ఆమే.

"కొత్త ఆసుపత్రి మెట్లు నువ్వే సరిచూడమ్మా" అన్నాడు చీఫ్. "శుక్రవారం పన్నెండింటికల్లా సైటుకి వెళ్ళిపోవాలి. ఇది సక్రమంగా వెళితే ఇకమీదట రెండో గడి నీదే."

ఆ సాయంత్రం ఆమె పాడుకుంటూ వంట చేసింది. విషయం చెబితే భర్త "అంటే పని పెరుగుతుందన్నమాట" అన్నాడు. అత్తగారు "ఇంకా ఎక్కువసేపు ఆ పెట్టె ముందే కూర్చుంటావా?" అన్నారు. అంతకంటే మంచిమాట వస్తుందని ఆమె ఆశించలేదు కనక పెద్దగా దిగులు పడలేదు.

శుక్రవారం పొద్దున మూడో అంతస్తు దగ్గర ఆమె కళ్ళు ఆగిపోయాయి. మెట్లు మలుపు తిరిగే చోట ఉండే చదును జానెడు తక్కువుంది. రోగిని స్ట్రెచర్ మీద దించుతుంటే అక్కడ తిరగదు. కాళ్ళవైపు గోడకి తగులుతుంది, తలవైపు మనిషి మెట్టు మీద తూలతాడు. గీసిన కుర్రాడు మూడో అంతస్తులో గోడ మందం పెరిగిందని మరిచిపోయాడు. ఆమెకి ఒళ్ళు జలదరించింది, వెంటనే సంతోషం కూడా వేసింది. ఇలాంటిది పట్టుకోవడానికే కదా ఆ రెండో గడి ఉన్నది! దిద్దడానికి గంట పని. పదకొండుంబావుకల్లా సగం పైగా అయిపోయింది.

అప్పుడే ఆడపడుచు, ఆవిడ భర్త వచ్చారు. ఇటుగా ఏదో పని మీద వచ్చి, చూసి పోదామని.

"అక్కావాళ్ళొచ్చారు, లేచి రా" అన్నాడు భర్త.

"పన్నెండు దాకా నన్ను వదిలెయ్యండి. కాఫీ మీరు కలపండి ఈ ఒక్కసారికి."

"బాగుండదు. ఇచ్చేసి వచ్చి కూర్చో. అయిదు నిమిషాలు."

ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళి లోపలి గదిలో మంచం మీద పెట్టి, అందరికీ కాఫీ కలిపింది. చేతిలో ఖాళీ పళ్ళెంతో వెనక్కి తిరిగేసరికి ఆడపడుచు చెయ్యి పట్టుకుంది. "ఉండమ్మా, మా కొత్త సోఫా ఫోటోలు చూద్దువుగాని." పదిహేడు ఫోటోలు. సోఫా ఒక్కటే, కోణాలు పదిహేడు. ఆమె గోడ గడియారం చూస్తూ "చాలా బావుంది వదినా" అని పదిహేడు సార్లు అంది. చివరికి "ఏమీ అనుకోకండి అన్నయ్యగారూ, ఇవ్వాళ కొంచెం పనుంది" అని క్షమాపణ కూడా చెప్పుకుని లోపలికి పరిగెత్తింది.

పదకొండూ నలభై ఒకటి. ఆఫీసు మూసుకుపోయింది.

పాస్‌వర్డ్ కొట్టింది. చక్రం తిరిగింది. "ఏమండీ, నొక్కండి!" అని లోపల్నుంచి కేకేసింది. హాల్లో నవ్వులు. "ఆఁ, నొక్కుతున్నా" అన్నాడు భర్త. చక్రం ఆగి "అనుమతి దొరకలేదు. మళ్ళీ ప్రయత్నించండి" అని వచ్చింది. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అదే. కంగారులో పాస్‌వర్డ్ తప్పు కొట్టి, తుడిచి, మళ్ళీ కొట్టింది. మళ్ళీ హాల్లో నవ్వులు. ఈసారి అన్నయ్యగారిది పెద్దగా వినిపించింది. సోఫా గురించే అయ్యుంటుందనుకుంది. ఆరోసారో ఏడోసారో అయ్యాక గుమ్మం దగ్గరికి వచ్చింది. భర్త చేతిలోనే ఉంది ఫోను.

"నొక్కుతున్నారా అసలు?"

"నొక్కానుగా! నీదాంట్లోనే ఏదో ఉంది చూసుకో."

అన్నయ్యగారు కాఫీ గ్లాసులోకి చూసుకుంటున్నారు. "ఈ కంప్యూటర్లు అంతేనమ్మా" అంది ఆడపడుచు జాలిగా. ఆమె లోపలికెళ్ళి మళ్ళీ కొట్టింది, మళ్ళీ, మళ్ళీ. పదకొండూ యాభై రెండుకి తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి: "ఎవరో మీ పేరుతో చొరబడాలని చూస్తున్నారు. భద్రత కోసం మీ ఖాతా నిలిపివేశాం."

చీఫ్‌కి ఫోను చేసింది. "మూడో అంతస్తు తప్పుంది సర్, ఆపండి, నేను దిద్దుతున్నాను, లోపలికి రానివ్వట్లేదు" అని ఏదేదో చెప్పింది. చీఫ్ నిట్టూర్చాడు. "నీకోసం సైటు ఆగదమ్మా. పక్క బల్ల అబ్బాయి చేత పంపించేస్తాను. తప్పుంటే తర్వాత సవరణ పంపుదాం. సోమవారం వచ్చి కనపడు. ఇంటి నుంచి పని అంటే ఇంతే." పన్నెండింటికి ఆ కాగితం తప్పుతోనే వెళ్ళిపోయింది, రెండో గడిలో ఇంకొకరి పేరుతో. ఆమె సైటు ఇంజినీరు నంబరు వెతికి పట్టుకుని "మూడో అంతస్తు చదునుకి కాంక్రీటు పొయ్యకండి, నా మాట వినండి" అని బతిమాలింది. అతను విన్నాడు. తనని కాదని నేరుగా సైటుకి ఫోను చేసినందుకు చీఫ్‌కి కోపం వచ్చిందని శనివారం తెలిసింది.

సోమవారం ఆఫీసులో కంప్యూటర్ విభాగం అమ్మాయి తన తెర ఆమె వైపు తిప్పింది. ఇరవై అయిదేళ్ళుంటాయి. చకచకా మాట్లాడే పిల్ల.

"ముందు నంబరు మార్చేద్దాం మేడమ్. మీ ఫోను ఇవ్వండి."

నాలుగు నిమిషాల్లో అయిపోయింది. మూడేళ్ళు గుమ్మాల దగ్గర నిలబడ్డ దానికి పట్టిన సమయం అది.

"ఇప్పుడు శుక్రవారం సంగతి. మీరు ఫోను దగ్గర లేక టైము దాటిపోయిందనుకున్నాం. అలా జరగలేదు. పదకొండు సార్లు అడిగింది, పదకొండు సార్లూ జవాబొచ్చింది. చూడండి. 'ఇది మీరేనా?' అంటే 'కాదు', 'కాదు', 'కాదు'... అన్నిసార్లు కాదంటే దొంగలనుకుని సిస్టమ్ తాళం వేసేస్తుంది. ఎవరు నొక్కారు మేడమ్?"

ఆమె ఆ వరసనే చూస్తోంది. పదకొండూ నలభై ఒకటి, కాదు. నలభై రెండు, కాదు. నలభై మూడు, కాదు. ఒక్కో అంకె పక్కన ఆ రోజు హాల్లోంచి వచ్చిన నవ్వు వినపడుతోంది. "ఒక్క నిమిషం" అని వరండాలోకి వెళ్ళి భర్తకి ఫోను చేసింది.

"ఓ, అదా!" అన్నాడు అతను, ఇబ్బంది లేకుండా. "బావ అడిగాడు, ఈ 'కాదు' నొక్కితే ఏమవుతుందని. నొక్కి చూపించా. నువ్వేమో లోపల్నుంచి వదలకుండా పంపుతూనే ఉన్నావు, వాళ్ళకి నవ్వాగలేదు. బావ కూడా ఒకసారి నొక్కాడు. సరదాకి. తాళం పడుతుందని మాకేం తెలుసు?"

"నేను గుమ్మంలోకి వచ్చి అడిగాను."

"అడిగావులే. అందరి ముందూ ఏం చెప్పను? ఇప్పుడేం, ఆస్పత్రి కూలిపోయిందా?" గొంతు తగ్గించాడు. "చూడు, నీ చెయ్యే తగిలిందని చెప్పేసెయ్. ఇంటి విషయాలు ఆఫీసులో ఎందుకు? అక్కావాళ్ళకి తెలిస్తే ఎంత చిన్నతనం! ఆఁ, వచ్చేటప్పుడు అమ్మ మందులు తీసుకురా."

ఆమెకి కోపం రాలేదు. కోపమొస్తే బావుండేది, ఒళ్ళు వేడెక్కి, నాలుగు మాటలు అనేసి, చల్లారిపోయేది. వచ్చింది అసహ్యం. అన్నం ముద్దలో వెంట్రుక నాలుక్కి తగిలినట్టు. తను మంచం అంచున కూర్చుని, చెమట పట్టిన వేళ్ళతో పదకొండుసార్లు పాస్‌వర్డ్ కొట్టిన గదికీ, వాళ్ళు కూర్చుని తను కలిపిన కాఫీ తాగుతూ 'కాదు' నొక్కుకున్న హాలుకీ మధ్య ఉన్నది ఒక్క గోడ. ఆ పదకొండింట్లో అన్నయ్యగారిది ఏది? నలభై అయిదుదా? నలభై తొమ్మిదిదా? పెద్దమనిషి, ఎప్పుడూ "ఏమ్మా" అని తప్ప పలకరించని మనిషి, బిస్కట్ పొడి అంటిన వేలితో తన పని మీద నొక్కాడు. ఆ వేలికి తను మళ్ళీ గ్లాసు అందించింది కూడా. వెళ్ళేటప్పుడు లిఫ్టు దాకా వచ్చి "మళ్ళీ రండి" అంది. ఫోను పెట్టేసింది. లోపలికొచ్చింది.

అమ్మాయి ఒక కాగితం ముందు పెట్టింది.

"కారణం రాయాలి మేడమ్. రెండే ఉన్నాయి. 'పొరపాటున' అని టిక్కు పెడితే ఇప్పుడే తెరిచేస్తాను, సాయంత్రం ఇంటి నుంచే పని చేసుకోవచ్చు. మందలింపు కాగితం ఒకటి ఇస్తారు. 'తెలిసి' అని పెడితే ఎవరు నొక్కారో రాయాలి. విచారణ ఉంటుంది. చీఫ్ చదువుతారు, పై వాళ్ళూ చదువుతారు." ఆ పిల్ల ఇటూ అటూ చూసి గొంతు తగ్గించింది. "చాలామంది పొరపాటే పెడతారు మేడమ్. గొడవుండదు."

పొరపాటున. ఆ మాట ఆమె నోటికి ఎంత అలవాటో! అతను ఆలస్యంగా బయల్దేరి పెళ్ళికి ముహూర్తం దాటాక చేరితే, గుమ్మంలో నిలబడి "నా వల్లే ఆలస్యమైంది, చీర దొరక్క" అన్నది తను. అత్తగారు పొయ్యి మీద పెట్టి మరిచిపోయిన పాలు పొంగిపోతే "చూసుకోలేదు, నాదే పొరపాటు" అన్నది తను. అలా చెప్పమని ఎవరూ అడగలేదు, ఎవరూ నమ్మకుండా ఉండలేదు. ఇప్పుడు ఇంకొక్కటి. పదకొండుసార్లు పొరపాటున తనని తానే కాదనుకున్న మనిషి. అలాంటి మనిషికి ఏ చీఫ్ అయినా సరిచూసే గడి ఇస్తాడా? తనైనా ఇస్తుందా? ఆ గడి పోతుంది, తొమ్మిదేళ్ళు పోతాయి, మూడో అంతస్తులో తప్పు పట్టుకున్నది తనేనన్న సంగతి కూడా మందలింపు కాగితం కింద పడి పోతుంది. మిగిలేది అన్నయ్యగారి పరువు.

రెండోది పెడితే? చీఫ్ చదువుతాడు. పక్క బల్ల అబ్బాయికి తెలుస్తుంది. భోజనాల దగ్గర "వాళ్ళాయన నొక్కాడట" అనుకుంటారు. ఇంట్లో అత్తగారు ఎన్నాళ్ళు మాట్లాడరో, ఆడపడుచు ఎన్ని ఇళ్ళల్లో చెబుతుందో ఊహించుకోవచ్చు. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. ఈ సిగ్గు తనకెందుకు, నొక్కింది తను కాదుగా అని గట్టిగా అనుకుంది. అయినా చెవులు చల్లబడలేదు. అలాగే కలం తీసుకుంది.

'తెలిసి' పక్కన టిక్కు పెట్టింది. కింద గీతల మీద, నమూనాల్లో కొలతలు రాసేటప్పటి గుండ్రటి అక్షరాలతో రాసింది: "మొత్తం పదకొండు. పది నా భర్త. ఒకటి ఆయన బావగారు. నేను నొక్కమని అడుగుతున్నానని ఇద్దరికీ తెలుసు. అందరూ నవ్వుకోవడానికి నొక్కారు."

సంతకం చేసి కాగితం ముందుకు జరిపింది. అమ్మాయి చదివింది. తలెత్తి ఆమెని చూసి, మళ్ళీ చదివింది.

"విచారణ అయ్యేదాకా ఇంటి నుంచి కనెక్షన్ ఉండదు మేడమ్. మూడు వారాలైనా పడుతుంది. రోజూ ఇక్కడికే రావాలి."

"పొద్దున ఎన్నింటికి తలుపులు తీస్తారు?" అని అడిగింది ఆమె.